సైపాన్ గొడవ: తప్పు కీన్‌దా, మెకార్తీదా?

డబ్లిన్‌లో ఆన్‌సైట్ చేసినవాళ్ళ చెవిన ఈ పేరు ఎప్పుడో ఒకప్పుడు పడే ఉంటుంది: సైపాన్. పసిఫిక్ మహాసముద్రంలో అమెరికా అధీనంలో ఉన్న ఓ బుల్లి దీవి. ఐర్లండ్ జనాలకి మాత్రం అది దీవి పేరు కాదు, గొడవ పేరు. మన దగ్గర "ఆగస్టు సంక్షోభం" అనగానే పెద్దవాళ్ళు రెండు పార్టీలుగా విడిపోయి 1984 దగ్గర్నుంచీ లెక్కలు తీస్తారు చూడండి, అక్కడ సైపాన్ అన్నా అంతే. "నువ్వు కీన్ వైపా, మిక్ వైపా?" అని మొదలవుతుంది.

విషయం రెండు ముక్కల్లో చెప్పాలంటే ఇది. 2002 మే 23న, అంటే వరల్డ్ కప్ మొదలవడానికి ఎనిమిది రోజుల ముందు, ఐర్లండ్ ఫుట్‌బాల్ జట్టు మేనేజరు తన కెప్టెన్ని ఇంటికి పంపించేశాడు. ఆ కెప్టెను రాయ్ కీన్. అప్పటికి మాంచెస్టర్ యునైటెడ్ కెప్టెన్ కూడా ఆయనే. జట్టులో ప్రపంచస్థాయి ఆటగాడు ఎవరంటే అందరూ ముందు చెప్పే పేరు అదే. జనాభా 39 లక్షలున్న దేశం. వరల్డ్ కప్‌కి రావడం అది మూడోసారి. అలాంటి దేశం ఉన్న ఒక్క బ్రహ్మాస్త్రాన్నీ వాడకుండానే వెనక్కి పంపేసిందన్నమాట.

అప్పటికి నాకు ఐదేళ్ళు. మా ఇంట్లో ఆట అంటే క్రికెట్టే కాబట్టి ఇదేదీ తెలిసే అవకాశం లేదు. డబ్లిన్‌లో ఓ ప్రాజెక్టు మీద ఉన్నప్పుడు లంచ్ బల్ల దగ్గర ఈ ప్రస్తావన తెచ్చాను. అప్పటిదాకా డేటాబేస్ మైగ్రేషన్ గురించి నెమ్మదిగా మాట్లాడుకుంటున్న ఇద్దరు పెద్దమనుషులు ప్లేట్లు పక్కన పెట్టి మరీ వాదించుకున్నారు. ఇరవై ఏళ్ళు దాటిన గొడవకి ఇంత వేడి ఎందుకా అని అప్పట్నుంచీ దొరికిందల్లా చదువుతూ వచ్చాను. చదివినకొద్దీ నాకనిపించింది ఏమిటంటే, వాళ్ళు వాదించుకుంటున్న ప్రశ్నే తప్పు. ఎందుకో చెప్తాను.

ముందు మనుషుల గురించి కొంచెం తెలియాలి. మిక్ మెకార్తీ పుట్టింది ఇంగ్లండ్‌లోని బార్న్స్‌లీలో, తండ్రి ఐరిష్. డిఫెండరు. 1990 వరల్డ్ కప్‌లో ఐర్లండ్ క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్ళినప్పుడు కెప్టెన్ ఈయనే. 1996లో మేనేజరయ్యాడు. ఉన్నదాంతో సర్దుకుపోయి, నలుగుర్నీ కలుపుకుని లాక్కొచ్చే రకం. రాయ్ కీన్ కార్క్ నగరంవాడు, మిడ్‌ఫీల్డరు. అలెక్స్ ఫెర్గూసన్ దగ్గర తయారైనవాడు. ప్రాక్టీసు మ్యాచ్‌లో తప్పు పాస్ ఇచ్చినా ఊరుకోడు, ఎదుటివాణ్ణీ ఊరుకోడు, తననూ ఊరుకోడు. వీళ్ళిద్దరికీ పడకపోవడం సైపాన్‌లో మొదలవలేదు. 1992లో జట్టు అమెరికా వెళ్ళినప్పుడు బోస్టన్‌లో కుర్రాడైన కీన్ బస్సుకి లేటుగా వచ్చాడని సీనియర్‌గా మెకార్తీ నిలదీశాడట. ఆ కుర్రాడు తగ్గకుండా తిరిగి జవాబిచ్చాడట. ఇది కీన్ తన ఆత్మకథలో చెప్పుకున్న సంగతి. పదేళ్ళ తర్వాత ఒకరు మేనేజరు, ఒకరు కెప్టెను. మాట్లాడుకోవడం అవసరానికి మించి ఉండేది కాదు. ఇలాంటి జంటల్ని మనందరం ఆఫీసుల్లో చూశాం కదా. మేనేజరుకీ టెక్ లీడ్‌కీ మాటల్లేవు, కానీ రిలీజ్‌లు టైముకి వెళ్ళిపోతుంటాయి. రిలీజ్‌లు వెళ్తున్నంతకాలం ఎవరూ పట్టించుకోరు.

ఇక్కడా అంతే. క్వాలిఫయింగ్ గ్రూపులో పోర్చుగల్, నెదర్లాండ్స్ ఉన్నాయి. ఐర్లండ్ సోదిలోకి కూడా రాదనుకున్నారు. పది మ్యాచ్‌లు ఆడి ఒక్కటీ ఓడలేదు. 2001 సెప్టెంబర్ 1న లాన్స్‌డౌన్ రోడ్ మైదానంలో నెదర్లాండ్స్‌తో మ్యాచ్ మొదలైన క్షణాల్లోనే కీన్ వెళ్ళి మార్క్ ఓవర్‌మార్స్‌ని ఢీకొట్టాడు. ఆ ఒక్క టాకిల్‌తో మ్యాచ్ ఎలా ఉండబోతోందో చెప్పేశాడని అక్కడివాళ్ళు ఇప్పటికీ అంటారు. గ్యారీ కెల్లీ రెడ్ కార్డుతో బయటికి పోయి పదిమందే మిగిలినా, జేసన్ మెకటీర్ కొట్టిన గోల్‌తో 1-0. డచ్‌వాళ్ళు ఇంటికి, ఐర్లండ్ ఇరాన్‌తో ప్లేఆఫ్‌కి. డబ్లిన్‌లో 2-0 గెలిచారు. మోకాలి నొప్పితో కీన్ టెహరాన్ వెళ్ళలేదు. అక్కడ 0-1 ఓడినా మొత్తం మీద గట్టెక్కారు. ఈ టెహరాన్ సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

2002 మే 17న జట్టు డబ్లిన్‌లో విమానం ఎక్కింది. ఆ రోజే అక్కడ సార్వత్రిక ఎన్నికల పోలింగ్. ఆమ్‌స్టర్‌డామ్, టోక్యో మీదుగా సైపాన్. జపాన్ వేడికి అలవాటు పడటానికి, సీజన్ అలసట తీర్చుకోవడానికి వారం రోజుల మజిలీ అని మెకార్తీ ఆలోచన. అందులో తప్పేం లేదు. కానీ దిగేసరికి ప్రాక్టీసు బంతులు రాలేదు, ట్రైనింగ్ బట్టలు రాలేదు, మందుల సామాను రాలేదు. మైదానం చూస్తే బండరాయిలా గట్టిగా ఉంది. మోకాళ్ళు పాడైన ముప్ఫయ్యేళ్ళ ఆటగాడికి అలాంటి నేల మీద పరిగెత్తడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఇంకోపక్క విలేకరులతో కలిసి బార్బెక్యూ పార్టీ పెట్టారు.

కీన్‌కి ఇదంతా కొత్త కాదు. ఎఫ్.ఎ.ఐ., అంటే ఐర్లండ్ ఫుట్‌బాల్ సంఘం, ఏళ్ళ తరబడి ఇలాగే నడిపిస్తోందని ఆయన బాధ. ప్రయాణాల్లో అధికారులు ముందు సీట్లలో, ఆడాల్సినవాళ్ళు వెనక సీట్లలో కాళ్ళు ముడుచుకుని. తిండి సరిగ్గా ఉండదు, మైదానాలు బాగుండవు. అడిగితే "మనం చిన్న దేశం బాబూ, సర్దుకుపోవాలి" అనే ధోరణి. కీన్‌కి ఒళ్ళు మండేది సరిగ్గా ఆ ధోరణికే. పెద్ద దేశాలతో ఆడటానికి వెళ్తూ చిన్న దేశంలా తయారవడం ఏమిటని.

మే 21న ప్రాక్టీసు చివర్లో చిన్న మ్యాచ్ ఆడదామంటే గోల్‌కీపర్లు లేరు. అప్పటికే ఎండలో బాగా కష్టపడ్డారని వాళ్ళని వదిలేశారు. గోల్‌కీపర్ల కోచ్ పాకీ బానర్‌తోనూ, కీపర్ అలన్ కెల్లీతోనూ కీన్‌కి మాటా మాటా పెరిగింది. ఆ సాయంత్రం మెకార్తీ దగ్గరికెళ్ళి ఇంటికి పోతానన్నాడు. ఫిఫాకి తుదిజాబితా ఇచ్చే గడువు ముంచుకొచ్చింది. మెకార్తీ వెంటనే కాలిన్ హీలీని పిలిపించే పనిలో పడ్డాడు. ఈలోగా ఫెర్గూసన్‌తో ఫోన్లో మాట్లాడి కీన్ మనసు మార్చుకున్నాడు. జాబితాలో కీన్ పేరే వెళ్ళింది. అక్కడితో అయిపోయి ఉంటే ఈ టపా రాసేవాణ్ణే కాదు.

మర్నాడు కీన్ ఇద్దరు విలేకరులకి ఇంటర్వ్యూ ఇచ్చాడు. అందులో ఒకటి మే 23న ఐరిష్ టైమ్స్‌లో వచ్చింది. సామాను రాకపోవడం, మైదానం, ఏర్పాట్లు, చుట్టూ ఉన్నవాళ్ళ అలసత్వం, అన్నీ విప్పి చెప్పాడు. ఈ వరల్డ్ కప్‌తో దేశానికి ఆడటం ఆపేస్తానని కూడా చెప్పాడు. ఆ కాపీ సైపాన్ చేరింది. ఆ రాత్రి మెకార్తీ జట్టు మొత్తాన్నీ, సిబ్బందినీ ఒకచోట కూర్చోబెట్టాడు. పేపరు చేతిలో పట్టుకుని, ఏమిటిది అని కెప్టెన్ని అందరి ముందూ అడిగాడు.

ఈ గొడవ మొత్తంలో నేను ఎక్కువగా ఆగి ఆలోచించింది ఈ గది దగ్గరే. మెకార్తీ స్థానంలో మనముంటే కోపం రాదా అంటే వస్తుంది. రెండు రోజుల కిందట సర్దుబాటు చేసుకున్న మనిషి పేపరుకెక్కితే ఎవరికైనా వస్తుంది. కానీ అడగాల్సింది తన గదికి పిలిచి. ఇరవైమందికి పైగా కూర్చున్నచోట అడిగితే అది ప్రశ్న కాదు, పంచాయితీ. అందులోనూ ఎదురుగా ఉన్నది తగ్గడం తెలియని మనిషి. నా మొదటి ఉద్యోగంలో ఓ మేనేజరు ఇలాగే చేశాడు. టెస్ట్ సర్వర్ల గురించి మా సీనియర్ ఒకాయన పైవాళ్ళకి రాసిన మెయిల్‌ని ప్రొజెక్టర్ మీద పెట్టి, టీమంతా చూస్తుండగా "దీనర్థం ఏంటండీ?" అన్నాడు. నెల తిరిగేసరికి ఆ సీనియర్ వేరే కంపెనీలో ఉన్నాడు. సర్వర్లు మాత్రం నేను మానేసేదాకా అలాగే పడిపోతూ లేస్తూ ఉన్నాయి :)

సరే, సైపాన్‌కి వద్దాం. కీన్ చెప్పినదాని ప్రకారం, అక్కడ మెకార్తీ టెహరాన్ మ్యాచ్ తవ్వితీశాడు. దెబ్బ వంకతో రెండో మ్యాచ్ ఎగ్గొట్టావన్న అర్థం వచ్చేలా మాట్లాడాడట. నొప్పితో ఆడే మనిషిని నటించావని అంటే ఇంకేముంటుంది? దాదాపు పది నిమిషాలు కీన్ నోరు ఆగలేదంటారు. మేనేజరుగా, ఆటగాడిగా, మనిషిగా నువ్వు పనికిరావని చెప్తూ అన్న మాటలు ఇక్కడ రాయలేను. తెలుగులో వాటికి సమానమైనవి ఉన్నాయి కానీ మా అమ్మ కూడా అప్పుడప్పుడూ నేను రాసేవి చదువుతుంది. మిగతా ఆటగాళ్ళలో ఒక్కరు నోరెత్తలేదు. మాటలు అయ్యాక కెప్టెను బయటికి నడిచాడు. మెకార్తీ అతన్ని జట్టు నుంచి తీసేశాడు. కాసేపటికి పెట్టిన ప్రెస్ మీట్‌లో మేనేజరు పక్కన స్టీవ్ స్టాంటన్, నయల్ క్విన్, అలన్ కెల్లీ కూర్చున్నారు. ముగ్గురూ సీనియర్లు. జట్టు ఎటువైపో అందరికీ తెలిసిపోయింది. జాబితా గడువు దాటిపోవడంతో బదులు ఆటగాణ్ణి తీసుకునే వీల్లేదు. 23 మందికి బదులు 22 మందితోనే ఆడారు.

ఇక దేశం సంగతి. రేడియోలకి ఫోన్లు, పేపర్లకి ఉత్తరాలు, పబ్బుల్లో గొడవలు. ప్రధాని బర్టీ అహెర్న్ కావాలంటే నేను మధ్యవర్తిగా ఉంటానన్నాడు. ఎన్నికలు గెలిచిన వారం రోజులకి ప్రధానికి వచ్చిన పెద్ద పని ఇది! మే 27న ఆర్టీఈ టీవీ విలేకరి టామీ గోర్మన్ కీన్‌ని ఇంటర్వ్యూ చేస్తూ దాదాపు బతిమాలాడు. పిల్లల ముఖం చూసైనా వెనక్కి వెళ్ళమని. కీన్ కొంచెం మెత్తబడినట్టే కనిపించాడు కానీ క్షమాపణ మాట రాలేదు. ఈలోగా జపాన్‌లోని ఇజుమోలో ఉన్న ఆటగాళ్ళు, కీన్ రాకపోవడమే జట్టుకి మంచిదని ప్రకటన ఇచ్చారు. 28న కీన్ కూడా రానని చెప్పేశాడు. అన్నట్టు, తెర వెనక రాజీకి గట్టిగా తిరిగినవాళ్ళలో నయల్ క్విన్ ఒకడు. అంతకు రెండు వారాల కిందటే క్విన్ గౌరవార్థం జరిగిన మ్యాచ్‌కి కీన్ వెళ్ళలేదు. వసూలైన పది లక్షల పౌండ్లకి పైగా డబ్బు పిల్లల ఆసుపత్రులకి ఇచ్చేసిన మ్యాచ్ అది. అంతా అయ్యాక కూడా క్విన్ రాజీకి తిరిగాడంటే గొప్పే.

కీన్ లేకుండా ఐర్లండ్ ఎలా ఆడింది? నిజానికి బాగా ఆడింది. కామెరూన్‌తో 1-1. జర్మనీతో అదనపు సమయంలో రాబీ కీన్ (ఈ కీన్ వేరే, చుట్టరికం లేదు) గోల్ కొట్టి 1-1 చేశాడు. ఫైనల్ ముందు ఆరు మ్యాచ్‌లలో జర్మనీ గోల్‌లోకి పోయిన బంతి అదొక్కటే. సౌదీపై 3-0. రెండో రౌండ్‌లో స్పెయిన్‌తో 1-1 అయ్యి పెనాల్టీల్లో 2-3తో ఓడిపోయారు. మామూలు ఆటలో ఏ మ్యాచ్‌లోనూ ఓడకుండానే ఇంటికొచ్చారు. మిక్ వర్గం "చూశారా, వాడు లేకపోయినా ఆడాం" అంటుంది. కీన్ వర్గం "వాడు ఉంటే ఎక్కడిదాకా పోయేవాళ్ళమో" అంటుంది. ఈ రెండు వాక్యాలూ నేను లంచ్ బల్ల దగ్గర యథాతథంగా విన్నాను.

ఇప్పుడు, ప్రశ్నే తప్పని ఎందుకన్నానంటే, ఇక్కడ ఉన్నవి రెండు వేరు వేరు ప్రశ్నలు. కీన్ చెప్పిన ఫిర్యాదులు నిజమా కాదా అన్నది ఒకటి. కెప్టెను మేనేజర్ని అందరి ముందూ అలా తిట్టొచ్చా అన్నది రెండోది. రెండోదానికి జవాబు తిట్టకూడదనే. ఆ మాటల తర్వాత మెకార్తీ కెప్టెన్ని ఉంచుకుని ఉంటే మర్నాటినుంచి ఆ జట్టులో ఆయన మాట ఎవరూ వినరు. పంపించడం తప్ప ఆయనకి దారి లేదు, ఆ పరిస్థితి కొంత ఆయనే తెచ్చుకున్నా సరే. కానీ మొదటి ప్రశ్నకి జవాబు కూడా అవుననే. బంతులు రాలేదన్నది అభిప్రాయం కాదు కదా, బంతులు నిజంగానే రాలేదు. క్రమశిక్షణ గొడవ వచ్చి పడేసరికి బంతుల సంగతి ఎవరికీ పట్టలేదు. దేశమంతా ఇద్దరు మనుషుల్లో ఒకర్ని ఎంచుకునే పనిలో ఉంటే, సామాను టైముకి పంపాల్సిన మూడోవాళ్ళు, అంటే ఎఫ్.ఎ.ఐ., చీకట్లో హాయిగా కూర్చున్నారు.

పూర్తిగా తప్పించుకోలేదులెండి. సంఘమే జెనెసిస్ అనే కన్సల్టెన్సీతో నివేదిక రాయించింది. 2002 నవంబర్‌లో అది బయటికొచ్చింది. ప్రణాళిక, నిర్వహణ, వృత్తిపరమైన పద్ధతులు, అన్నిట్లోనూ లోపాలున్నాయని తేల్చి సంస్థనే మార్చుకోమంది. ప్రధాన కార్యదర్శి బ్రెండన్ మెంటన్ రాజీనామా చేశాడు. కీన్ చెప్పినదాంట్లో చాలా భాగం నిజమేనని సూటూ బూటూ వేసుకున్న కన్సల్టెంట్లు చెప్పాక ఒప్పుకున్నారన్నమాట. ఈ అనుభవం మనకేం కొత్త కాదు. అదే నెలలో మెకార్తీ కూడా పోయాడు. రష్యా చేతిలో 2-4, స్విట్జర్లాండ్ చేతిలో 1-2 ఓడాక స్టేడియంలో జనం కీన్ పేరు అరుస్తుంటే ఎంతకాలం ఉంటాడు?

ఇలాంటివి వేరే దేశాల్లో లేవా అంటే బోలెడు. అదే 2002లో స్లొవేనియా తన స్టార్ జహోవిచ్‌ని కోచ్ కటానెట్స్‌తో గొడవయ్యాక ఇంటికి పంపి, మూడు మ్యాచ్‌లూ ఓడింది. 2010లో ఫ్రాన్స్ది ఇంకా పెద్ద కథ. మెక్సికోతో మ్యాచ్ విరామంలో అనెల్కా కోచ్ డొమెనెక్‌ని తిట్టాడు. పేపర్లో మొదటి పేజీలో వచ్చింది. ఫెడరేషన్ అతన్ని పంపేసింది. క్నీస్నాలో ఆటగాళ్ళు ప్రాక్టీసు మానేసి బస్సులో కూర్చున్నారు. వాళ్ళ ప్రకటనని విలేకరులకి చదివి వినిపించింది ఎవరనుకున్నారు, స్వయంగా డొమెనెక్! ఐర్లండ్‌లో జట్టు మేనేజరు పక్కన నిలబడింది, ఫ్రాన్స్‌లో తిట్టినవాడి పక్కన నిలబడింది. మెకార్తీ మీద ఎన్ని అన్నా, ఆటగాళ్ళు ఆయన్ని వదల్లేదన్న సంగతి తక్కువది కాదు.

కీన్ 2004లో బ్రయన్ కెర్ హయాంలో మళ్ళీ దేశానికి ఆడి, మరుసటేడు ఆపేశాడు. 2006లో ఆయన సండర్లాండ్ మేనేజరుగా, మెకార్తీ వుల్వ్స్ మేనేజరుగా ఎదురుపడి చేతులు కలిపారు. ఆ తర్వాతది ఇంకా విచిత్రం. 2013లో కీన్ ఐర్లండ్‌కి మార్టిన్ ఓనీల్ కింద అసిస్టెంట్ మేనేజరుగా వచ్చాడు. అంటే ఇప్పుడు బల్లకి అటువైపు. 2018లో జాన్ వాల్టర్స్, హ్యారీ ఆర్టర్‌లతో ఆయన గొడవపడ్డ సంగతి స్టీఫెన్ వార్డ్ పంపిన ఓ వాట్సాప్ ఆడియో బయటికి పొక్కడంతో ఊరంతా తెలిసింది. ఆర్టర్ కొన్నాళ్ళు జట్టుకి ఆడనన్నాడు. ఆ నవంబర్‌లో ఓనీల్, కీన్ ఇద్దరూ వెళ్ళిపోయారు. వారం తిరక్కుండానే ఎఫ్.ఎ.ఐ. కొత్త మేనేజర్ని ప్రకటించింది. మిక్ మెకార్తీ.

ఆయన్ని రెండోసారి తెచ్చినప్పుడు సంఘం ముఖ్య అధికారి జాన్ డెలానీ. సైపాన్ నాటికి ఈయన సంఘం కోశాధికారి. మెంటన్ పోయాక పైకొచ్చినవాళ్ళలో ఒకడు. 2017లో డెలానీ సంఘానికి ఇచ్చిన లక్ష యూరోల అప్పు సంగతి 2019లో పేపర్లో వచ్చింది. తీగ లాగితే డొంకంతా కదిలింది. ఆ సెప్టెంబర్‌లో ఆయన తప్పుకున్నాడు. 2020 జనవరిలో ప్రభుత్వం, యూఈఎఫ్ఏ, బ్యాంక్ ఆఫ్ ఐర్లండ్ కలిసి ఆదుకుంటే గానీ సంఘం నిలబడలేదు.

దీనిమీద 2005లో డబ్లిన్‌లో ఓ మ్యూజికల్ కామెడీ నాటకం వేశారు. 2025లో "సైపాన్" పేరుతోనే సినిమా వచ్చింది. మెకార్తీగా స్టీవ్ కూగన్, కీన్‌గా ఏనా హార్డ్విక్. కథ నడిచేది మళ్ళీ ఆ ఇద్దరి మధ్యే. ఏ వైపో ముందే తేల్చుకోకుండా చూడండి.